ఇంప్లాంట్ తర్వాత గడ్డ: ఎక్కడుంది, ఎప్పుడొచ్చింది?

రొమ్ములో ఇంప్లాంట్ పెట్టించుకుని ఏ మూడేళ్లో పదేళ్లో గడిచాక, ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి గట్టిగా ఏదో తగులుతుంది. నిన్నటిదాకా ఉందో లేదో గుర్తు రాదు. ఇంప్లాంట్ లేని ఆడవాళ్లకైతే ఆ క్షణంలో ఒకటే భయం. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు మాత్రం రెండు ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఒకటి, "క్యాన్సరేమో". రెండోది, "ఆఁ, ఇంప్లాంట్ అంచే అయ్యుంటుంది". రెండోది మనసుకు కాస్త ఊరటనిస్తుంది కాబట్టి చాలాసార్లు అదే గెలుస్తుంది. ఒక్కోసారి డాక్టరు గదిలో కూడా అదే గెలుస్తుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. లోపల ముందే ఒక బయటి వస్తువు ఉంది. దానికి అంచులున్నాయి, మడతలున్నాయి, చుట్టూ శరీరం కట్టిన పొర ఉంది. కొత్తగా ఏది తగిలినా తప్పు దాని మీదకు నెట్టేయడం తేలిక. ఇంప్లాంట్ వల్ల వచ్చే గడ్డలు నిజంగానే చాలా రకాలు, వాటిలో ఎక్కువ భాగానికి క్యాన్సర్‌తో సంబంధం లేదు. ఆ మాట నిజమే అయినా "ఇది ఇంప్లాంట్‌దే" అన్నది పరీక్ష అయ్యాక చెప్పాల్సిన మాట, కాకముందు చెప్పాల్సింది కాదు. ఏ పరీక్ష చేయాలో తేల్చే ప్రశ్నలు రెండే: గడ్డ ఎక్కడుంది, సర్జరీ అయిన ఎన్నాళ్లకు వచ్చింది.

లోపల ఏది ఎక్కడ ఉంటుంది

ఇంప్లాంట్ అంటే సిలికాన్ రబ్బరు సంచి. లోపల సిలికాన్ జెల్ ఉంటుంది, లేదంటే సెలైన్, అంటే ఉప్పునీరు ఉంటుంది. ఇది రొమ్ము కణజాలంలో కలిసిపోదు, దాని వెనక కూర్చుంటుంది. పాలగ్రంథులకు వెనక, ఛాతీ కండరానికి ముందు పెట్టడం ఒక పద్ధతి. కండరం కిందకు జరిపి పెట్టడం మరో పద్ధతి. ఏ పద్ధతైనా చర్మం, కొవ్వు, పాలగ్రంథులు, పాలనాళాలు అన్నీ ఇంప్లాంట్‌కు ముందువైపే ఉంటాయి.

ఇది తెలిస్తే సగం విషయం అర్థమైనట్టే. మామూలు రొమ్ము క్యాన్సర్ పుట్టేది పాలనాళాల్లో, గ్రంథుల్లో. కాబట్టి ఆ గడ్డ ఇంప్లాంట్‌కు ముందు, చర్మానికి దగ్గరగా ఉంటుంది. ఇంప్లాంట్ ఉంటే లోపలి గడ్డ చేతికి అందదని చాలామంది అనుకుంటారు. నిజానికి చేతి పరీక్ష వరకు వ్యవహారం తరచు తిరగబడుతుంది. పరుపు మీద పడిన కందిగింజ దుప్పటి పైనుంచి తడిమితే దొరకదు. అదే గింజ పీట మీద గుడ్డ కింద ఉంటే ఇట్టే దొరుకుతుంది. ఇంప్లాంట్ ఆ పీట లాంటిది. వెనక నుంచి కణజాలాన్ని ముందుకు నెట్టి ఉంచుతుంది. అందుకే ఇంప్లాంట్ ఉన్నవాళ్లలో క్యాన్సర్ గడ్డ చేతికి తగిలి బయటపడటం తరచుగా చూస్తారు.

ఇక ఆ పొర సంగతి. శరీరంలోకి ఏ బయటి వస్తువు వచ్చినా దాని చుట్టూ మచ్చ కణజాలంతో ఒక గూడు కడుతుంది. డాక్టర్లు దాన్ని క్యాప్సూల్ అంటారు. అది అందరికీ ఏర్పడుతుంది, లోపం కాదు. పలచగా ఉన్నన్నాళ్లు అది ఉన్నట్టే తెలియదు. కొందరిలో అది దళసరెక్కి, బిగుసుకుని, లోపలి సంచిని పిండుతుంది. దీన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. తీవ్రతను బట్టి బేకర్ అనే సర్జన్ పేరు మీద నాలుగు గ్రేడ్లున్నాయి. ఒకటో గ్రేడ్‌లో రొమ్ము మెత్తగా మామూలుగా ఉంటుంది. నాలుగో గ్రేడ్‌లో గట్టిపడి, ఆకారం మారి, నొప్పి పెడుతుంది. ఇది ఒక చోట కట్టే గడ్డ కాదు, రొమ్మంతా గట్టిపడటం. కానీ బిగిసిన పొర కింద సంచి మడత పడితే ఆ మడత కొస ఒక్కచోట బొడిపెలా తగిలి కంగారు పెడుతుంది. సన్నగా ఉండి, చర్మం కింద కొవ్వు తక్కువున్నవాళ్లలో ఇంప్లాంట్ అంచు, సెలైన్ రకమైతే దాని వాల్వు కూడా ఇలాగే చేతికి తగులుతాయి. ఇవి సాధారణంగా సర్జరీ వాపు తగ్గిన దగ్గర్నుంచే ఉంటాయి, ఉన్నచోటే ఉంటాయి. ఐదేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన గడ్డను "అంచే" అనడానికి ఇంత సులువుగా కుదరదు.

రోజులు, వారాలు, ఏళ్లు

సర్జరీ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకవైపు రొమ్ము బాగా ఉబ్బి, బిగుసుకుని, కమిలిపోయి, నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం గూడుకట్టిందేమో చూస్తారు. దానికి హెమటోమా అని పేరు. పెద్దదైతే మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి తీసేయాలి, రేపు చూద్దాం అనుకునే వ్యవహారం కాదు. మొదటి వారాల్లో సెరోమా, అంటే ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరడం మామూలే. కొద్దిగా ఉంటే శరీరమే పీల్చేసుకుంటుంది. జ్వరం, ఎరుపు, వేడి, కుట్ల దగ్గర తడి కనిపిస్తే ఇన్ఫెక్షన్. కుట్టు దారం ముడి చుట్టూ చిన్న గట్టి గుళిక కట్టడమూ ఉంది. అది మచ్చ గీత మీదే ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక.

ఈ కాలంలోనే వచ్చే మరొకటి మనిషిని భలే భయపెడుతుంది. రొమ్ము కింది మడత నుంచి పొట్ట వైపు చర్మం కింద తాడు లాగినట్టు ఒక గట్టి గీత వస్తుంది. చెయ్యి పైకెత్తితే ఆ తాడు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, లాగినట్టు నొప్పి పెడుతుంది. దీన్ని మోండర్ వ్యాధి అంటారు. 1939లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి సర్జన్ ఆంరి మోండర్ పేరు అలా నిలిచిపోయింది. చర్మం కింది చిన్న సిరలో రక్తం గడ్డకట్టడమే దీనికి కారణం. చూడ్డానికి వింతగా ఉన్నా సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోతుంది.

నెలలు గడిచాక వచ్చేవాటిలో ముఖ్యమైంది ఫ్యాట్ నెక్రోసిస్. రక్తం అందక కొంత కొవ్వు చచ్చిపోయి గట్టిపడుతుంది, లేదా నూనె తిత్తిలా మారుతుంది. ఇంప్లాంట్‌తో పాటు పొట్ట నుంచో తొడల నుంచో కొవ్వు తీసి రొమ్ములో నింపించుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. ఇందులో ప్రాణభయం ఏమీ లేదు గానీ ఇది మహా మాయలాడి. చేతికి రాయిలా తగులుతుంది, పైన చర్మాన్ని లోపలికి లాగుతుంది, సున్నం పేరుకుంటే మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, అనుమానపు చుక్కలు చూపిస్తుంది. అనుభవమున్న రేడియాలజిస్టు కూడా కొన్నిసార్లు ముక్క పరీక్ష లేకుండా తేల్చలేరు.

ఏళ్ల తర్వాత కొత్తగా వచ్చే గడ్డ దగ్గరే అసలు ఆలోచన మొదలవుతుంది. ఇంప్లాంట్ పెట్టుకున్నంత మాత్రాన రొమ్ముకు మామూలుగా వచ్చేవి రాకుండా పోవు. ఇరవైల్లో ఉన్న అమ్మాయికి ఫైబ్రోఅడినోమా వస్తుంది. అది వేళ్ల కింద గోలీలా జారిపోయే, క్యాన్సర్ కాని గడ్డ. నలభైల్లో నీటి తిత్తులు వస్తాయి. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కి ముద్దలు ముద్దలుగా అనిపించి, నెలసరి అయ్యాక తగ్గిపోతాయి. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో పాలనాళం మూసుకుపోయి పాలగడ్డ కడుతుంది. వీటన్నిటితో పాటు మామూలు రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుంది. ఇంప్లాంట్ వల్ల అది పెరుగుతుందని పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. తగ్గుతుందనీ కాదు. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది, సుమారు 98 వేల మంది చనిపోయారు. రొమ్ములో ఇంప్లాంట్ ఉంది కదా అని ఆ లెక్క నుంచి మినహాయింపు దొరకదు.

చప్పుడు చేయకుండా పగిలే సంచి

మొట్టమొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆమెకు పెట్టారు. ఫ్రాంక్ జెరో, థామస్ క్రోనిన్ ఆ సర్జన్లు. ఆమె ఆసుపత్రికి వెళ్లింది ఛాతీ మీదున్న పచ్చబొట్టు తీయించుకోవడానికి! ఆ తర్వాత ఇంప్లాంట్లు ఎన్నో తరాలు మారాయి. తొడుగు దళసరెక్కింది, జెల్ చిక్కబడింది. అయినా ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతూనే ఉంది. ఎంత ఎక్కువ కాలం ఉంటే పగిలే అవకాశం అంత పెరుగుతుంది.

సెలైన్ ఇంప్లాంట్ పగిలితే దాగదు. నీరు శరీరంలో కలిసిపోయి ఒకవైపు గాలి తీసిన బంతిలా అణిగిపోతుంది. సిలికాన్‌ది అలా కాదు. జెల్ చిక్కగా ఉండటంతో, చుట్టూ ఉన్న పొర పట్టి ఉంచడంతో ఆకారం మారకపోవచ్చు. అందుకే దీన్ని సైలెంట్ రప్చర్ అంటారు. ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. పొరను కూడా దాటి జెల్ బయటకొస్తే, శరీరం దాని చుట్టూ కణాలను మోహరించి గట్టి గడ్డ కడుతుంది. ఇది సిలికాన్ గ్రాన్యులోమా. చేత్తో పట్టి చూస్తే దీనికీ క్యాన్సర్ గడ్డకూ తేడా చెప్పడం కష్టం.

స్కానింగ్‌లో మాత్రం సిలికాన్ తన గుర్తులు వదులుతుంది. అల్ట్రాసౌండ్‌లో బయటకొచ్చిన సిలికాన్ తెల్లటి పొగమంచు పరిచినట్టు కనిపించి, వెనకున్నదంతా మసకేస్తుంది. పడమటి దేశాల రేడియాలజిస్టులు దానికి మంచు తుపాను అని పేరు పెట్టారు. ఎంఆర్‌ఐలో, పగిలిన తొడుగు జెల్‌లో మడతలు మడతలుగా తేలుతూ కనిపించడాన్ని లింగ్వినీ సైన్ అంటారు. లింగ్వినీ అంటే ఇటలీవాళ్లు తినే ఒక రకం పాస్తా. ఆ పేరు మనవాళ్లు పెట్టుంటే పాయసంలో సేమ్యా అనేవాళ్లు. సిలికాన్ పగుళ్లను పట్టడంలో ఎంఆర్‌ఐదే పైచేయి. లక్షణాలేవీ లేకపోయినా సిలికాన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు సర్జరీ అయిన 5, 6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ ఇప్పుడు సూచిస్తోంది. మన దగ్గర లక్షణాలేమీ లేకుండా ఎంఆర్‌ఐకి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. అల్ట్రాసౌండ్ అందుబాటు ధరలో ఉంటుంది, కనీసం అదైనా మానకూడదు.

పగుళ్ల గురించి మాట్లాడుతూ ఫ్రాన్స్‌లో జరిగింది వదిలేయలేం. దక్షిణ ఫ్రాన్స్‌లోని పీఐపీ అనే కంపెనీ వైద్యానికి అనుమతి లేని, పరిశ్రమల్లో వాడే రకం సిలికాన్‌ను ఇంప్లాంట్లలో నింపి ఏళ్ల తరబడి అమ్మింది. 2010లో బండారం బయటపడింది. ఆ ఇంప్లాంట్లు మిగతావాటికంటే ఎక్కువగా పగిలాయి, చాలామంది చంకల్లో బిళ్లలు కట్టాయి. 2011 డిసెంబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం, తమ దేశంలో అవి పెట్టించుకున్న సుమారు 30 వేల మందిని ముందుజాగ్రత్తగా తీయించుకోమంది. కంపెనీ స్థాపకుడు జాన్ క్లోడ్ మాస్‌కు 2013లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. తమలో ఉన్నది ఆ కంపెనీదో కాదో తెలియక ఎన్నో దేశాల్లో స్త్రీలు పాత కాగితాల కోసం వెతుక్కున్న రోజులవి.

చంకలో బిళ్ల కడితే

గడ్డ రొమ్ములో కాకుండా చంకలో తగిలితే లెక్క వేరు. లీకైన సిలికాన్ రేణువులు లింఫు నాళాల వెంట ప్రయాణించి చంకలోని లింఫు గ్రంథుల్లో చేరతాయి. గ్రంథి ఉబ్బుతుంది. అదే చంకలో రొమ్ము క్యాన్సర్ పాకిన గ్రంథి కూడా ఉబ్బుతుంది. మన దేశంలో దీనికి మూడో పేరు కూడా కలపాలి, అది క్షయ. లింఫు గ్రంథుల టీబీ ఇక్కడ అరుదేమీ కాదు. విదేశీ వైద్య పుస్తకాల్లో సిలికాన్ పేరు ముందు వస్తుంది, ఇక్కడి డాక్టరుకు టీబీ ముందు గుర్తొస్తుంది. ఇంప్లాంట్ సంగతి రోగి దాచిపెడితే సిలికాన్ అసలు గుర్తుకే రాదు. ఆ చేతికి తగిలిన దెబ్బ, పుండు, వేయించుకున్న టీకా వల్ల కూడా గ్రంథి కొన్నాళ్లు ఉబ్బుతుంది. 2021లో కోవిడ్ టీకాలు ముమ్మరంగా వేసినప్పుడు మామోగ్రామ్ సెంటర్లలో ఈ గందరగోళం బాగా కనిపించింది. ఏ చేతికి, ఎప్పుడు టీకా వేశారని అడగడం అప్పట్నుంచి చాలాచోట్ల అలవాటైంది.

పేరు పెద్దది, అవకాశం చిన్నది

ఇంటర్నెట్‌లో ఇంప్లాంట్, గడ్డ అని వెతికితే మొదట ఎదురయ్యేది బీఐఏ-ఏఎల్‌సీఎల్. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు. లింఫోమా, అంటే రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్. పుట్టే చోటు ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొర. 1997లో మొదటి కేసు వైద్య పత్రికలో వచ్చింది. 2011లో ఎఫ్‌డీఏ దీని మీద మొదటి హెచ్చరిక చేసింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రత్యేక రకంగా గుర్తించింది.

గరుకు తొడుగున్న ఇంప్లాంట్లకే ఇది ఎక్కువగా ముడిపడి ఉంది. తొడుగును గరుకుగా చేసింది మంచికే. పొర దానికి పట్టుకుని ఇంప్లాంట్ కదలకుండా ఉంటుందని, బిగుసుకోవడం తగ్గుతుందని అలా చేశారు. అదే గరుకుదనం ఏళ్ల తరబడి మంట పుట్టించి కణాలను దారి తప్పిస్తుందని ఇప్పుడు అనుమానిస్తున్నారు. 2019 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ బాగా గరుకైన రకాలను నిషేధించింది. అదే ఏడాది జులైలో ఎఫ్‌డీఏ కోరిక మీద అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి ఎఫ్‌డీఏ లెక్కలో ఉన్న కేసులు 573, మరణాలు 33. ఆ 573లో 481 అలర్గాన్ ఇంప్లాంట్లకు సంబంధించినవి. ప్రపంచంలో లక్షలాది మంది స్త్రీలకు ఇంప్లాంట్లు ఉన్నాయి. ఆ సంఖ్యతో పోల్చి చూస్తే ఇది అరుదైన జబ్బు. అరుదు అనే మాట ఆ 33 కుటుంబాలకు ఏ ఓదార్పూ ఇవ్వదన్నది కూడా నిజం.

ఎక్కువమందిలో ఇది గడ్డగా రాదు, నీరుగా వస్తుంది. సాధారణంగా సర్జరీ అయిన 8 నుంచి 10 ఏళ్లకు, కొందరిలో ఇంకా ముందో వెనకో, ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బుతుంది. ఇంప్లాంట్ చుట్టూ నీరు పడుతుంది. సర్జరీ అయిన వారాల్లో వచ్చే నీటికి, ఏళ్ల తర్వాత వచ్చే నీటికి ఉన్న తేడా ఇదే. మొదటిది మామూలు, రెండోదాన్ని పరీక్షించకుండా వదలకూడదు. కొద్దిమందిలో మాత్రం పొరను అంటుకుని గడ్డ కడుతుంది, అప్పుడు జబ్బు కాస్త ముదిరినట్టు లెక్క. స్కానింగ్‌లో చూస్తూ సూదితో ఆ నీరు తీసి ల్యాబ్‌కు పంపుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు కణ పరీక్ష రాస్తే సరిపోదు. సీడీ30 అనే గుర్తు ఉందో లేదో ప్రత్యేకంగా చూడమని చీటీలో రాయాలి. అది రాయకపోతే జబ్బు ల్యాబ్ బల్ల మీదుగానే జారిపోవచ్చు. తొలిదశలో దొరికితే ఇంప్లాంట్‌ను, చుట్టూ ఉన్న పొరను మొత్తంగా తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది. కీమో దాకా వెళ్లాల్సిన పని అందరికీ ఉండదు.

గరుకు ఇంప్లాంట్ ఉన్నా ఏ లక్షణమూ లేనివాళ్లు భయంతో తీయించుకోవాల్సిన పనిలేదని 2019లోనే ఎఫ్‌డీఏ చెప్పింది. తీసే సర్జరీకీ రిస్కు ఉంటుంది కదా. 2022 సెప్టెంబరులో అదే సంస్థ మరో విషయం బయటపెట్టింది. పొరలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే ఇంకో క్యాన్సర్, మరికొన్ని రకాల లింఫోమాలు కూడా కనిపించాయని, అవి నున్నటి ఇంప్లాంట్ల చుట్టూ కూడా వచ్చాయని తెలిపింది. అప్పటికి వైద్య పత్రికల్లో ఉన్న స్క్వామస్ కేసులు 20 లోపే. కాబట్టి "నాది నున్నటి రకం, నాకేం భయం లేదు" అన్న ధీమా కూడా కొత్త వాపునో గడ్డనో పట్టించుకోకపోవడానికి కారణం కాకూడదు.

రొమ్ము తీసేసి కట్టినచోట

క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసి, ఇంప్లాంట్‌తో మళ్లీ ఆకారం కట్టించుకున్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు. అక్కడ పాలగ్రంథులు దాదాపు ఉండవు. చర్మం, కాస్త కొవ్వు, కండరం, వాటి వెనక ఇంప్లాంట్, అంతే. జబ్బు ఆ చోటుకే తిరిగొస్తే ఎక్కువసార్లు చర్మంలోనో చర్మం కిందనో చిన్న గట్టి బొడిపెగా వస్తుంది, అంటే చేతికి దొరికే చోటే. ఇంప్లాంట్ వెనక దాగి ఉండిపోతుందేమో అన్న భయం సాధారణంగా నిజం కాదు. తీసేసిన వైపు మామోగ్రామ్ మామూలుగా చేయరు. కాబట్టి అక్కడ చెయ్యే మొదటి పరికరం. రెండో రొమ్ముకు ఏడాదికోసారి మామోగ్రామ్ మాత్రం తప్పదు. ఇదే చోట ఫ్యాట్ నెక్రోసిస్ కూడా తరచుగా వస్తుంది, రేడియేషన్ తీసుకుంటే చర్మమే గట్టిపడుతుంది. ఒకసారి క్యాన్సర్ చూసిన మనిషికి ప్రతి బొడిపె మీదా టెన్షనే. "ఇది కొవ్వేలెండి" అని చేత్తో చూసి పంపేస్తే ఆమెకు నిద్ర పట్టదు. సూది పరీక్ష చేసి చెబితేనే ఆ మాటకు విలువ.

సూది, మామోగ్రామ్, రెండు భయాలు

కొత్త గడ్డకు ఏ ఆసుపత్రిలోనైనా దారి ఒకటే. ముందు చేత్తో చూస్తారు, తర్వాత స్కాన్, అవసరమైతే సూది. చిన్న వయసులో అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. నలభై దాటితే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ చేస్తారు. ఎంఆర్‌ఐ ఎక్కువగా ఇంప్లాంట్ పగిలిందా లేదా తేల్చడానికి, లేదా మిగతా రెండూ తేల్చలేనప్పుడు.

మామోగ్రామ్‌లో ఇంప్లాంట్ తెల్లటి నీడలా పడి కొంత కణజాలాన్ని కప్పేస్తుంది. 2004లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, లక్షణాల్లేని స్త్రీల క్యాన్సర్లలో మామోగ్రామ్ పట్టుకున్నవి ఇంప్లాంట్ లేనివాళ్లలో 66.8 శాతం అయితే ఉన్నవాళ్లలో 45 శాతమే. అయినా వాళ్లలో క్యాన్సర్ ముదిరాక బయటపడటం మాత్రం ఎక్కువగా కనిపించలేదు. ఈ లోటు తగ్గించడానికి ఎక్‌లండ్ అనే పద్ధతి ఉంది. ఇంప్లాంట్‌ను వెనక్కి ఛాతీ వైపు నెట్టి, రొమ్మును మాత్రం ముందుకు లాగి ఫొటో తీస్తారు. మామూలుగా రెండు రొమ్ములకు నాలుగు ఫొటోలు తీస్తే, ఇక్కడ ఎనిమిది. ఈ పని తెలిసిన టెక్నీషియన్ ఉన్న సెంటరుకే వెళ్లాలి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో ఇంప్లాంట్ సంగతి చెప్పాలి. నొక్కితే పగిలిపోతుందేమో అన్న భయం చాలామందికి ఉంది. అలా జరిగిన సందర్భాలు లేకపోలేదు గానీ అరుదు. ఆ భయంతో మామోగ్రామ్ మానేస్తే జరిగే నష్టం దానికంటే పెద్దది.

సూది విషయంలోనూ అంతే. ఇంప్లాంట్‌కు గుచ్చుకుంటుందేమో అన్న అనుమానం సబబే. అందుకే చేత్తో గుడ్డిగా గుచ్చకుండా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, సూదిని ఇంప్లాంట్‌కు సమాంతరంగా పోనిచ్చి ముక్క తీస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట విని ముక్క పరీక్షను ఆరు నెలలు వాయిదా వేసుకుంటే, ఆ ఆరు నెలల్లో పాకేది మాత్రం నిజమైన క్యాన్సరే.

ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. ఇంప్లాంట్ పెట్టిన ప్లాస్టిక్ సర్జన్ ఇంప్లాంట్‌ను చూస్తారు. రొమ్ము సర్జన్ రొమ్మును చూస్తారు. కొత్త గడ్డకు ఇద్దరి చూపూ కావాలి. ప్లాస్టిక్ సర్జన్ స్కాన్ రాయకుండా "అంచేనమ్మా, కంగారు పడకు" అంటే, వెంటనే స్కాన్ రాయమని అడగడం తప్పు కాదు, పేచీ అసలే కాదు.

చెప్పుకోలేని సర్జరీ

తెలుగు ఇళ్లలో ఈ విషయంలో మరో అడ్డు ఉంది. అందం కోసం చేయించుకున్న రొమ్ము సర్జరీ గురించి చాలామంది ఇంట్లో కూడా చెప్పరు. కొందరి సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు, పెళ్లికి ముందు చేయించుకున్నవాళ్లలో భర్తకూ తెలియకపోవచ్చు. గడ్డ తగిలినప్పుడు తోడు వచ్చేది అత్తగారో ఆడపడుచో అయితే, స్కానింగ్ సెంటరులో నలుగురి ముందు "ఆపరేషన్లేమైనా అయ్యాయా?" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. ఇంప్లాంట్ స్కాన్‌లో దాగదు. కానీ మామోగ్రామ్ మామూలు పద్ధతిలో తీసేస్తే, సూది ఆ సంగతి తెలియకుండా గుచ్చితే నష్టం ఆమెకే. డాక్టరును లోపల ఒంటరిగా కలిసి చెప్పొచ్చు. తోడు వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టమని నర్సును అడగొచ్చు. తెలిసిన డాక్టర్లు అడగకముందే ఆ పని చేస్తారు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లలో ఇంకో రకం చిక్కు. సర్జరీ ఒక దేశంలో అవుతుంది, గడ్డ మరో దేశంలో బయటపడుతుంది. డాలస్‌లో చేయించుకున్నది హైదరాబాద్ వచ్చినప్పుడు నొప్పి పెడుతుంది, లేదా ఇక్కడ చేయించుకుని అక్కడికి కాపురానికి వెళ్తారు. అప్పుడు అక్కరకొచ్చేది సర్జరీ రోజున ఇచ్చే ఇంప్లాంట్ కార్డు. అందులో కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, సైజు, ఏ వైపు ఏది పెట్టారన్నది ఉంటాయి. నున్నటిదా గరుకుదా, వెనక్కి తీసుకున్న రకమా కాదా అన్నది ఆ నంబరుతోనే తేలుతుంది. మన దగ్గర ఎంతోమంది దగ్గర ఆ కార్డు ఉండదు. పారేసి ఉంటారు, ఎవరి కంటా పడకూడదని చింపేసి ఉంటారు, లేదా ఆసుపత్రే ఇచ్చి ఉండదు. పోతే సర్జరీ చేసిన చోట ఆపరేషన్ నోట్స్ కాపీ అడగాలి, డబ్బాల మీది స్టిక్కర్లు సాధారణంగా ఆ కేస్ షీట్‌లో అంటించి ఉంటాయి. ఆసుపత్రులు పాత రికార్డులను ఎల్లకాలం దాచవు కాబట్టి గడ్డ తగిలేదాకా ఆగకుండా ముందే అడిగి, ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోవడం మేలు.

ఇంప్లాంట్ వల్లే ఇబ్బంది అని తేలితే దాన్ని నమోదు చేయడానికి మన దేశంలోనూ ఏర్పాటు ఉంది. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. స్టెంట్లు, మోకీలు ఇంప్లాంట్ల లాగే రొమ్ము ఇంప్లాంట్లూ దాని పరిధిలోవే.

పగిలిందనో బిగుసుకుందనో చివరికి ఇంప్లాంట్ తీయించుకోవాల్సి వస్తే, ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తీసిన పొరను, లోపల నీరుంటే ఆ నీటిని ల్యాబ్‌కు పంపుతారా? బయటకు అంతా మామూలుగా కనిపించిన కేసుల్లో పొర మీద కంటికి ఆనని మార్పులు మైక్రోస్కోప్ కిందే తేలతాయి. పొరను చెత్తబుట్టలో వేసేస్తే మళ్లీ చూడటానికి ఏమీ మిగలదు.